పెద్ద టెక్ కంపెనీలో పని: లెవెల్, రివ్యూ, వెస్టింగ్, బ్యాడ్జి అనే నాలుగు లెక్కలు

గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, మెటా లాంటి చోట పని ఎలా ఉంటుందని అడిగి చూడండి, రెండు రకాల జవాబులొస్తాయి. ఒకాయన ఫ్రీ ఫుడ్డు, జిమ్ము, పదకొండింటికి వెళ్ళి నాలుగున్నరకి షటిల్ ఎక్కేస్తాం, హాయి అంటాడు. ఇంకొకావిడ రాత్రి రెండింటికి పేజర్ మోగుద్ది, ఏడాదిలో మూడో మేనేజర్, ఎప్పుడు పిప్‌లో (పని బాలేదని, ఉద్యోగం పోయే ముందు పెట్టే ప్లాన్) పెడతారో అని నిద్ర పట్టట్లేదు అంటుంది. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే బిల్డింగు, ఒక్కోసారి ఒకే ఫ్లోరు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

ఎందుకిలా అంటే, ఆ కంపెనీల్లో మన రోజు ఎలా గడుస్తుందో కంపెనీ పేరు చెప్పదు, నాలుగు లెక్కలు చెప్తాయి: మన లెవెల్ ఎంత, రివ్యూలో మనల్ని ఎలా కొలుస్తారు, స్టాక్ ఎప్పుడు చేతికొస్తుంది, మెడలో బ్యాడ్జి ఏ రంగు. బయట నుంచి చూస్తే "ఇంత తెలివైనోళ్ళు ఇంత పిచ్చి పనులెలా చేస్తార్రా" అనిపించేవి, బాగా నడిచే యాప్‌ని మూసేయడం, ఆర్నెల్లకోసారి రీఆర్గ్ అంటూ టీముల్ని కలిపి విడగొట్టడం, చిన్న బటన్ మార్చడానికి మూడు వారాలు, ఇవన్నీ ఆ లెక్కల్లోంచి చూస్తే చాలావరకు అర్థమైపోతాయి.

ముందు పని సంగతి. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళు రోజంతా కోడ్ కొడతామనుకుంటారు, సర్వీస్ కంపెనీ నుంచి లేటరల్‌గా వెళ్ళినవాళ్ళు క్లయింట్ గోల లేదు కాబట్టి ప్రశాంతం అనుకుంటారు. రెండూ సగం సగమే. కొత్తగా రాసే కోడ్ చాలా తక్కువ అండీ. ఉన్న కోడ్ చదవడం, ఇది మారిస్తే ఇంకెవరి సర్వీస్ పడిపోద్దో కనుక్కోవడం, ఆ టీమ్ వాళ్ళని ఒప్పించడం, మన కోడ్‌ని ఇంకొకరు చూసి ఓకే అనేదాకా ఎదురుచూడటం, ఒక శాతం యూజర్లకి వదిలి గ్రాఫులు చూడటం, మళ్ళీ ఇంకో ఐదు శాతానికి వదలడం, రోజులు ఇలా పోతాయి. సైజు ఎంతంటే, గూగుల్ ఇంజనీర్లే 2016లో ఒక పేపర్ రాశారు, వాళ్ళ ఒకే ఒక్క రిపాజిటరీలో, అంటే కోడంతా దాచే చోట, అప్పటికే దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్, 86 టెరాబైట్ల డేటా ఉందని, దాని మీద పాతిక వేల మంది పనిచేస్తున్నారని. అందులో ఎంత చిన్న మార్పు చేసినా ఆ ఫోల్డర్ ఓనర్లలో ఒకరు ఓకే అనాలి, ఆ లాంగ్వేజ్‌లో రీడబిలిటీ అనే ముద్ర (కంపెనీ పద్ధతిలో శుభ్రంగా రాయగలరన్న గుర్తింపు) ఉన్నవాళ్ళు కూడా ఓకే అనాలి, అది యూజర్ డేటాని తాకితే ప్రైవసీ రివ్యూ వేరే. రెండు గంటల కోడు, మూడు వారాల తిరుగుడు. తప్పు అనట్లేదు, కోట్ల మంది వాడే దాంట్లో అంత జాగ్రత్త ఉండాల్సిందే, కానీ స్టార్టప్ నుంచి వెళ్ళినవాళ్ళకి మొదటి ఆర్నెల్లు ఊపిరాడదు.

పైగా టూల్స్ అన్నీ వాళ్ళ సొంతవే. గూగుల్ లోపల కోడ్ ఉండేది పైపర్‌లో, రన్ అయ్యేది బోర్గ్ మీద, బయట ప్రపంచం వాడే గిట్, కుబెర్నెటిస్ అక్కడ రోజువారీ పనిలో పెద్దగా తగలవు. ఎనిమిదేళ్ళు ఉండి బయటికొచ్చినవాళ్ళు ఇంటర్వ్యూలో మామూలు డాకర్ ప్రశ్నకి తడుముకోవడం అందుకే. ఈ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పరు.

అమెజాన్‌లో ఇంకో రకం. 2004 జూన్‌లో జెఫ్ బెజోస్ సీనియర్ మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దని మెయిల్ పెట్టాడు, అప్పట్నుంచి ఏ ప్రతిపాదన అయినా ఆరు పేజీల డాక్యుమెంటుగా, వాక్యాల్లో రాయాలి. మీటింగు మొదలవగానే అందరూ ఇరవై నిమిషాలు, అరగంట మౌనంగా కూర్చుని అది చదువుతారు, ఆ తర్వాతే ప్రశ్నలు. మొదటిసారి చూసినవాళ్ళకి ఏదో పరీక్ష హాల్లో ఉన్నట్టు ఉంటుంది. పద్ధతి మంచిదే, మాటకారితనంతో నెట్టుకొచ్చేవాళ్ళ ఆటలు సాగవు. కానీ మనోళ్ళకి ఒక చిక్కుంది. మనం ఇంటర్ నుంచి ఎంసెట్, ఇంజనీరింగ్ దాకా లెక్కలు, బిట్లు, కోడింగ్ మీద పెరిగాం, ఒక వాదనని పేజీన్నర ఇంగ్లీషులో తప్పుల్లేకుండా, సూటిగా రాయడం ఎవరూ నేర్పలేదు. లీట్‌కోడ్ అనే ఇంటర్వ్యూ ప్రాక్టీస్ సైట్‌లో హార్డ్ ప్రాబ్లమ్స్ ఊదేసిన కుర్రాళ్ళు, ఏం కట్టబోతున్నామో వివరించే డిజైన్ డాక్ దగ్గర ఆగిపోవడం చాలా చోట్ల జరిగేదే. ఒక లెవెల్ దాటాక పని మొత్తం రాతే అయిపోద్ది, అక్కడ తెలివి ఉండి రాత లేకపోతే పక్కనోడి డాక్యుమెంట్‌లో మన ఐడియా కనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి పనిచేస్తే దీనికి టైమ్‌జోన్ కూడా తోడవుద్ది. మైక్రోసాఫ్ట్ 1998లో ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది, రెడ్‌మండ్ హెడ్‌క్వార్టర్స్ తర్వాత వాళ్ళకి అతి పెద్ద ఆర్ అండ్ డీ సెంటర్ ఇదే. గూగుల్ 2004లో వచ్చింది, అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో ప్రపంచంలోనే తన అతి పెద్ద క్యాంపస్ బిల్డింగు తెరిచింది, పదిహేను వేల మంది పట్టేంత. బిల్డింగులు ఎంత పెద్దవైనా చాలా టీముల్లో ఆఖరి నిర్ణయం చేసే డైరెక్టర్ సియాటెల్లోనో మౌంటెన్ వ్యూలోనో కూర్చుంటాడు. సియాటెల్ వాళ్ళ పొద్దున ఎనిమిదిన్నర మీటింగు మనకి వేసవిలో రాత్రి తొమ్మిది, నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే రాత్రి పది. పిల్లల్ని పడుకోబెట్టే టైమూ, కాల్ టైమూ ఒకటే అన్నమాట. అసలు బాధ నిద్ర కాదు, ఆ కాల్ అయ్యాక అక్కడ వాళ్ళు కారిడార్‌లో ఇంకో పది నిమిషాలు మాట్లాడుకుంటారు చూడండి, నిర్ణయం అందులో అయిపోద్ది, మనకి మర్నాడు మెయిల్‌లో తెలుస్తుంది. అందుకే ఇక్కడి పాత కాపులు కొత్త టీమ్‌లో చేరే ముందు అడిగే మొదటి ప్రశ్న "చార్టర్ ఎవరిది" అని, అంటే ఆ పని మొత్తానికి ఓనర్‌షిప్ ఇండియాలో ఉందా, లేక అక్కడి టీమ్ మిగిల్చిన ముక్కలు మనకొస్తాయా అని.

ఇప్పుడు లెవెల్స్. గూగుల్‌లో కాలేజీ నుంచి వచ్చిన ఇంజనీర్ ఎల్3, సీనియర్ అంటే ఎల్5, స్టాఫ్ ఎల్6. మెటాలో అవే దాదాపు ఈ3, ఈ5, ఈ6. అమెజాన్‌లో ఎల్4తో మొదలు, సీనియర్ ఎల్6, ప్రిన్సిపల్ ఎల్7, తర్వాత 8, ఆ పైన తొమ్మిది అనే నంబరే లేకుండా 10. మైక్రోసాఫ్ట్‌లో 59 నుంచి మొదలై సీనియర్ 63, 64, ప్రిన్సిపల్ 65 పైన. ఇదేదో క్రికెట్ స్కోర్‌లా ఉంటుంది గానీ జీతం బ్యాండు, స్టాక్ ఎంతివ్వొచ్చో, ఏ మీటింగుకి పిలుస్తారో, మన నుంచి ఏం ఎదురుచూస్తారో అన్నీ ఆ అంకె మీదే. ఒకే కంపెనీలో ఒకే పని చేస్తున్న ఇద్దరి మధ్య ఒక్క లెవెల్ తేడా ఉంటే మొత్తం ప్యాకేజీలో లక్షల తేడా వచ్చేస్తుంది. మెటాలో అయితే ఈ అంకె పక్కవాళ్ళకి కనపడదు, అందరి పేరు కిందా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే ఉంటుంది, హోదా చూసి కాదు మాట చూసి వినాలని ఉద్దేశం. లెవెల్ ఎవరిదెంతో జనం ఊహించేస్తారనుకోండి, అది వేరే సంగతి.

సర్వీస్ కంపెనీలో పదేళ్ళు చేసి టీమ్ లీడో ప్రాజెక్ట్ మేనేజరో అయినవాళ్ళకి ఇక్కడే మొదటి దెబ్బ. పదిమందిని నడిపాను కదా అని వెళ్తే, ఇంటర్వ్యూ బాగా చేసినా ఎస్‌డీఈ-2, అంటే ఇంజనీర్లలో కింద నుంచి రెండో మెట్టు, ఆఫర్ ఇస్తారు, పక్క సీట్లో అదే లెవెల్‌లో మూడేళ్ళ అనుభవం ఉన్న ఐఐఐటీ అమ్మాయి ఉంటుంది. దీన్నే డౌన్‌లెవెల్ అంటారు. డబ్బు పాత జీతం కంటే ఎక్కువే కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు, నా ఉద్దేశంలో ఒప్పుకోవడం తప్పేం కాదు, కానీ "లోపలికెళ్ళాక ఏడాదిలో సరిచేస్తాం" అని రిక్రూటర్ నోటితో చెప్పిన మాటని నమ్మకూడదు. ఆ రిక్రూటర్ ఏడాదికి అక్కడుండడు, ఉన్నా ప్రమోషన్ ఆయన చేతిలో లేదు.

మరి ఎవరి చేతిలో ఉంది? అసలు కథ ఇక్కడే, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా.

ఏడాదికోసారో రెండుసార్లో రివ్యూ ఉంటుంది. మనం ఏం చేశామో మనమే రాసుకోవాలి, తోటివాళ్ళు రాస్తారు, మేనేజర్ ఒక రేటింగు అనుకుంటాడు. ఇక్కడితో అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. అవ్వదు. ఆ తర్వాత క్యాలిబ్రేషన్ అని ఒకటుంటుంది, ఏడెనిమిది మంది మేనేజర్లు ఒక గదిలో కూర్చుని వాళ్ళ వాళ్ళ మనుషుల పేర్లు పెట్టి ఒకరితో ఒకరిని పోల్చి చూస్తారు. మన మేనేజర్ మనకి పై రేటింగు కావాలంటే, "ఈ అమ్మాయి చేసింది ఆ అబ్బాయి చేసిందానికంటే ఎలా ఎక్కువ" అని అడుగుతారు, ఆయన దగ్గర రెండు వాక్యాల్లో చెప్పగలిగే జవాబుండాలి. అక్కడ మనం ఉండం. మన తరఫున మాట్లాడే మనిషి నోరున్నవాడా కాదా, ఆ గదిలో ఆయన మాటకి విలువుందా, ఆయన చేరి రెండు నెలలేనా, మన ఏడాది కష్టం వీటి మీద ఆధారపడి ఉంటుంది. మేనేజర్ మంచివాడు అని మనం బయట అంటామే, పుట్టినరోజుకి కేక్ తెప్పించేవాడు అని కాదు, ఆ గదిలో కొట్లాడగలిగేవాడు అని.

ఇందులో అందరికంటే పేరు చెడగొట్టుకుంది మైక్రోసాఫ్ట్. చాలా ఏళ్ళు అక్కడ స్టాక్ ర్యాంకింగ్ ఉండేది, ప్రతి గ్రూపులోనూ ఇంత శాతం మంది పైన, ఇంత శాతం మధ్యలో, ఇంత మంది కింద అని ముందే గీత గీసి ఉండేది, జీఈలో జాక్ వెల్చ్ పాపులర్ చేసిన 20-70-10 పద్ధతికి చుట్టం. పదిమంది గట్టివాళ్ళున్న టీమ్‌లో కూడా ఎవరో ఒకరు కిందకి పోవాల్సిందే. దాంతో ఏమైందంటే గట్టివాళ్ళు గట్టివాళ్ళున్న టీముకి వెళ్ళడం మానేశారు, పక్కవాడికి సాయం చేస్తే మన ర్యాంకు పోద్దని లెక్కలు మొదలయ్యాయి. 2013 నవంబర్‌లో దాన్ని ఎత్తేశారు, మూడు నెలలకి మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ సత్య నాదెళ్ళ సీఈఓ అయ్యాడు. ఆయనొచ్చి తీసేశాడని మనోళ్ళు చెప్పుకుంటారు గానీ ఎత్తేసిన నిర్ణయం అంతకుముందుదే. గీత పోయినా బడ్జెట్ పోలేదు, బోనస్ డబ్బు అంతే ఉన్నప్పుడు ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి తగ్గాల్సిందే, కాబట్టి క్యాలిబ్రేషన్ ఏదో ఒక పేరుతో అన్ని చోట్లా ఉంది.

గూగుల్ వేరే దారి పట్టింది. చాలాకాలం అక్కడ ప్రమోషన్ మేనేజర్ చేతిలో ఉండేది కాదు, మనల్ని ఎప్పుడూ చూడని సీనియర్ ఇంజనీర్ల కమిటీ మన ప్యాకెట్, అంటే మనం చేసిన పనుల కాగితాల కట్ట, చదివి తేల్చేది. పక్షపాతం ఉండకూడదని చేసిన ఏర్పాటు, ఆ ఉద్దేశం గొప్పదే. కానీ మనల్ని చూడని వాళ్ళకి కాగితం మీద ఏది కనిపిస్తుంది? కొత్తగా లాంచ్ చేసింది కనిపిస్తుంది, ఇన్ని లక్షల యూజర్లు అన్న అంకె కనిపిస్తుంది. ఏడాదంతా పాత సిస్టమ్ పడిపోకుండా కాపాడినవాళ్ళ పని కనిపించదు, ఎందుకంటే ఏమీ జరగలేదు కాబట్టి. ఇంట్లో రోజూ అంట్లు తోమినవాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు, పండగనాడు బూరెలు వండినవాళ్ళ పేరే చెప్పుకుంటారు, సరిగ్గా అదే. దాంతో జనం ఏది ప్యాకెట్‌లో బాగా కనిపిస్తుందో అదే చేయడం మొదలుపెట్టారు, లాంచ్ చేసి, ప్రమోషన్ తీసుకుని, ఇంకో టీమ్‌కి వెళ్ళిపోవడం. గూగుల్ చాట్ యాప్స్ చరిత్ర చూడండి, 2005లో టాక్, తర్వాత హ్యాంగౌట్స్, 2016లో అలో, డుయో, 2019కల్లా అలో మూత. అన్నిటికీ ఇదొక్కటే కారణమని నేననను, పైన స్ట్రాటజీ గొడవలూ ఉన్నాయి, కానీ కొత్తది పుట్టించినవాడికి మెట్టు, ఉన్నదాన్ని మోసినవాడికి థాంక్యూ మెయిలు దొరికే చోట కొత్తవి పుడుతూనే ఉంటాయి, పాతవి పోతూనే ఉంటాయి. 2022లో గూగుల్ ఈ పద్ధతి మార్చి గ్రాడ్ అని తెచ్చింది, కాగితాల బరువు తగ్గింది, మేనేజర్ మాటకి బరువు పెరిగింది. దాంతో పాత సమస్య కొంచెం తగ్గి, మేనేజర్ లాటరీ, అంటే ఎవరు మేనేజర్‌గా దొరికితే అంత అదృష్టం అనే వేరే సమస్య పెరిగింది.

రీఆర్గ్ కూడా దీనికి పిల్లే. మేనేజర్లకీ లెవెల్స్ ఉంటాయి కదా, వాళ్ళు పైకెళ్ళాలంటే కింద మనుషులు, స్కోపు పెరగాలి, కాబట్టి టీములు కలుపుకోవడం, లాక్కోవడం జరుగుతూనే ఉంటుంది. మనకి మాత్రం పాత మేనేజర్‌కి తెలిసిన కష్టమంతా కొత్త మేనేజర్ దగ్గర సున్నా నుంచి మొదలు. అందుకే ప్రతి నెలా చేసిన పని నాలుగు లైన్లు రాసి పెట్టుకోమని సీనియర్లు చెప్తారు, అది గొప్పలు చెప్పుకోవడం కాదు, మేనేజర్ మారినప్పుడు మనకి మిగిలే ఒకే ఒక్క సాక్ష్యం.

పిప్ గురించి రెండు ముక్కలు. పేరుకి పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్, అంటే బాగుపడటానికి అవకాశం. చాలా సందర్భాల్లో కంపెనీ తన ఫైలు సరిచూసుకోడానికి రాసుకునే కాగితం అది, గట్టెక్కినవాళ్ళు లేకపోలేదు గానీ తక్కువ. అమెజాన్‌లో ముందు ఫోకస్ అని ఒక దశ, తర్వాత పివట్ అని ఇంకోటి, పివట్‌లో డబ్బు తీసుకుని వెళ్ళిపోతావా లేక ప్లాన్ ప్రయత్నిస్తావా అని అడుగుతారు. ప్రతి ఏడాదీ ఇంత శాతం మంది వెళ్ళిపోతే ఫర్వాలేదు, వెళ్ళాలి అని మేనేజర్లకి లెక్క ఉంటుందని 2021లో అమెరికా పత్రికలు రాశాయి. ఇలాంటి లెక్కున్న చోట పిప్ వచ్చినవాడు తెలివితక్కువోడని మాత్రం అనుకోకండి, అప్పటిదాకా బాగా చేసి, టీమ్ మారిన ఆర్నెల్లకి ఇరుక్కున్నవాళ్ళూ ఉంటారు.

మరి ఇంత ఉండి జనం ఎందుకుంటారు? స్టాక్. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి ఇన్ని లక్షలు అని సంబంధాలు చూసేవాళ్ళకి చెప్పే అంకెలో పెద్ద ముక్క ఆర్ఎస్‌యూలు, అంటే జీతంతో పాటు ఇస్తామనే కంపెనీ షేర్లు. అవి ఇవాళ మనవి కావు, నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికొస్తాయి, దాన్నే వెస్టింగ్ అంటారు. మెటాలో ఏటా పావు వంతు చొప్పున, అదీ మూడు నెలలకోసారి. అమెజాన్ పేరుమోసిన పద్ధతి 5-15-40-40, అంటే మొదటి ఏడాది ఐదు శాతం, రెండో ఏడాది పదిహేను, మిగతా ఎనభై ఆఖరి రెండేళ్ళలో. మొదటి రెండేళ్ళ లోటు, చేరినందుకిచ్చే సైన్-ఆన్ బోనస్‌తో పూడుస్తారు. కాబట్టి అక్కడ రెండేళ్ళ దగ్గర నలిగిపోయినవాళ్ళు కూడా "ఇంకొక్క వెస్ట్" అని పళ్ళు బిగబట్టి ఉంటారు, వెస్ట్ డేట్ అయిన వారానికి గుడ్‌బై మెయిల్స్ వరసగా రావడం ఎవరికైనా తెలిసిందే.

పైగా అది రూపాయల్లో స్థిరంగా ఉండే డబ్బు కాదు. 2021లో మెటా షేరు 380 డాలర్ల దాకా వెళ్ళింది, అప్పుడు చేరినవాళ్ళ ఆఫర్ ఆ ధర మీద లెక్కేసింది, 2022 నవంబర్‌లో అదే షేరు 90 డాలర్ల కిందకి పడింది. జీతంలో ఏం మారలేదు, ప్యాకేజీ మాత్రం కరిగిపోయింది. ధర అలా పడి ఉన్న రోజుల్లో చేరినవాళ్ళకి దక్కిన షేర్లు తర్వాత మూడు రెట్లు, నాలుగు రెట్లు అయ్యాయి. ఇద్దరి తెలివిలో తేడా లేదు, చేరిన నెలలో తేడా.

ఇండియాలో ట్యాక్స్ సంగతి చాలామంది పట్టించుకోక ఇబ్బంది పడతారు కాబట్టి చెప్తున్నా. షేర్లు వెస్ట్ అయిన రోజు ధర మొత్తం మన జీతం కిందే లెక్క, ముప్ఫై శాతం స్లాబులో ఉంటే ఆ ప్రకారం పన్ను, అందుకే వంద షేర్లు రావాల్సిన చోట కంపెనీ ముప్ఫై పైచిలుకు అమ్మేసి పన్ను కట్టి మిగతావి మన ఖాతాలో వేస్తుంది. ఆ తర్వాత ఉంచుకుంటే ఉంచుకున్నంత కాలం రిస్క్ మనది. ధర పడిపోయినా ముందు కట్టిన పన్ను తిరిగి రాదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అది 2024 జూలై 23 నుంచి ఉన్న రేటు, లోపే అమ్మితే స్లాబు రేటు. ఇవి విదేశీ షేర్లు కాబట్టి అమ్మినా అమ్మకపోయినా రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి, అదీ ఏప్రిల్-మార్చి కాకుండా జనవరి-డిసెంబర్ లెక్కన. చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద పది లక్షల పెనాల్టీ దాకా ఉంది, స్థిరాస్తి కాకుండా మిగతావి మొత్తం 20 లక్షల లోపు ఉంటే 2024 అక్టోబర్ నుంచి ఆ పెనాల్టీకి మినహాయింపు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ డివిడెండ్ వేసినప్పుడు అమెరికా వాళ్ళు 25 శాతం పట్టుకుంటారు, దానికి ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు. ఇరవై లక్షల వెస్టింగ్ ఉన్నవాళ్ళు రెండువేలిచ్చి సీఏ దగ్గరికెళ్ళడానికి బద్ధకిస్తారు, ఇదొక వింత.

నాలుగోది బ్యాడ్జి రంగు. క్యాంటీన్‌లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళలో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు వెండర్ ద్వారా వచ్చిన మనిషి, తెలుసుకోవాలంటే మెడ వైపు చూస్తే చాలు. గూగుల్‌లో అసలు ఉద్యోగులది తెల్ల బ్యాడ్జి, వెండర్, కాంట్రాక్ట్ వాళ్ళది ఎర్రది. మైక్రోసాఫ్ట్‌లో వెండర్ల మెయిల్ ఐడీ ముందు ఒక "వి" ఉంటుంది. 2019 మార్చి నాటికి గూగుల్‌లో తాత్కాలిక, కాంట్రాక్ట్ వాళ్ళు లక్షా 21 వేలు, సొంత ఉద్యోగులు లక్షా 2 వేలు అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. అంటే అప్పటికి మనం గూగుల్ అని చెప్పుకునే దాంట్లో సగం పైన ఆ కంపెనీ మనుషులే కారు. టెస్టింగు, డేటా లేబులింగు, కంటెంట్ మోడరేషన్, సపోర్టు చాలావరకు వీళ్ళే.

వీళ్ళని ఆల్-హ్యాండ్స్ అనే అందరి మీటింగుకి పిలవరు, టీమ్ అవుటింగ్‌కి తీసుకెళ్ళరు, పండక్కి ఇచ్చే స్వెట్‌షర్ట్ ఇవ్వరు. చూసేవాళ్ళకి చిన్నబుద్ధి అనిపిస్తుంది, కానీ వెనకాల ఒక కోర్టు కేసుంది. తొంభైల్లో మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి కాంట్రాక్ట్ మీద పనిచేసినవాళ్ళు, మమ్మల్ని ఉద్యోగుల్లాగే నడిపారు కాబట్టి ఉద్యోగుల బెనిఫిట్స్ ఇవ్వాలని కేసేశారు, 2000లో మైక్రోసాఫ్ట్ 9.7 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. ఆ దెబ్బతో లాయర్లు నేర్చుకున్న పాఠం ఏంటంటే, వాళ్ళని ఉద్యోగుల్లా చూశామన్న ఆనవాలే ఉండకూడదని. ఏడాది చేస్తే వంద రోజులు బయట ఉండాలన్న రూలు అప్పుడు పెట్టిందే, తర్వాత అది ఏడాదిన్నరకి ఆర్నెల్లు అయింది. కలిసి పనిచేసే టీమ్ మేట్‌కి బిర్యానీ పెట్టడానికి కూడా మేనేజర్ హెచ్ఆర్‌ని అడిగే పరిస్థితి అలా వచ్చింది. అమెరికా కోర్టు కేసు భయం గచ్చిబౌలిలో ఉన్నవాళ్ళ మెడలో కూడా వేలాడుతోంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే రుచించనిది ఇదే, కారణం తెలిశాక కూడా.

ఆన్-కాల్ సంగతి త్వరగా చెప్తా. మనం రాసింది మనమే కాపలా కాయాలి, వంతులవారీగా వారం రోజులు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకోవాలి. టీమ్‌ని బట్టి వారానికి ఒక్కసారీ మోగకపోవచ్చు, రాత్రికి నాలుగుసార్లు మోగొచ్చు. ఇందులో ఈ కంపెనీలు నిజంగా బాగా చేసే పని ఒకటుంది, తప్పు జరిగితే మనిషిని పట్టుకోరు, సిస్టమ్‌ని పట్టుకుంటారు. 2017 ఫిబ్రవరి 28న బోలెడు సైట్లు తమ ఫైళ్ళు దాచుకునే అమెజాన్ ఎస్3 సర్వీస్ పడిపోయి ఇంటర్నెట్‌లో చాలా సైట్లు నాలుగు గంటల పాటు కుంటుపడ్డాయి, కారణం ఒక ఇంజనీర్ కమాండ్‌లో ఒక విలువ తప్పు కొట్టడం, తీయాల్సిన సర్వర్ల కంటే చాలా ఎక్కువ తీసేసింది. కంపెనీ బయటపెట్టిన వివరణలో ఆ మనిషి పేరు లేదు, అంత త్వరగా అన్ని సర్వర్లు తీయనిచ్చిన టూల్‌ది తప్పు అని చెప్పి, టూల్ మార్చారు. మన చాలా ఆఫీసుల్లో ఇలాంటిది జరిగితే సాయంత్రానికి ఎవరి మెడ పోయేదో ఊహించుకోండి. రోజువారీగా అన్ని టీములూ ఇంత పెద్దమనసుతో ఉంటాయని కాదు, ఈ పద్ధతి ఉన్న టీమ్‌లో పని చేసినవాళ్ళు మాత్రం బయటికొచ్చాక దీన్నే ఎక్కువ మిస్ అవుతారు.

ఇక లేఆఫ్‌లు. 2022 నవంబర్‌లో మెటా 11 వేలు, 2023 జనవరిలో అమెజాన్ 18 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, గూగుల్ 12 వేలు. అప్పటిదాకా రివ్యూ బాగుంటే చాలు అనుకున్నవాళ్ళకి అది పనికిరాదని అప్పుడు తెలిసింది, మంచి రేటింగులున్నవాళ్ళు, పదిహేనేళ్ళు చేసినవాళ్ళు కూడా పొద్దున లేచేసరికి ల్యాప్‌టాప్ లాగిన్ అవ్వలేదు. లేఆఫ్ లిస్టు తయారయ్యేది స్ప్రెడ్‌షీట్‌లో, ఏ ప్రాజెక్టు ఆపాలి, ఏ లెవెల్‌లో ఖర్చెక్కువ అని. క్యాలిబ్రేషన్ గదిలో కనీసం మన మేనేజర్ ఉంటాడు, ఇక్కడ ఆయనకీ తెలియదు, ఒక్కోసారి ఆయన పేరూ లిస్టులోనే ఉంటుంది.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ళకి దీని బరువు వేరు. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల్లో ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. అయితే ఒక సంగతి కంగారులో చాలామంది గమనించరు. అక్కడి వార్న్ చట్టం వల్ల పెద్ద లేఆఫ్‌లలో 60 రోజుల నోటీస్ ఇవ్వాలి కాబట్టి చాలా కంపెనీలు పని ఆపినా ఆ రెండు నెలలూ పేరోల్ మీదే ఉంచుతాయి, మామూలుగా వీసా వాళ్ళ 60 రోజుల గడువు లెక్క పేరోల్ ఆగాకే మొదలవుద్ది. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు లైనులో మన చోటు, కొత్త కంపెనీకి తీసుకెళ్ళొచ్చు, కానీ పెర్మ్ అనే మొదటి మెట్టు మళ్ళీ మొదటి నుంచి చేయాలి, లేఆఫ్ చేసిన కంపెనీలు పెర్మ్ వేయడం ఆపేస్తాయి, 2023లో గూగుల్, అమెజాన్ అలా ఆపాయి. 2025 చివర్లో గ్రీన్ కార్డుకి ఈబీ-2 కేటగిరీలో ఇండియా లైను 2013లో అప్లై చేసినవాళ్ళ దగ్గర నడుస్తుంటే ఎవరైనా మేనేజర్‌తో గొడవ పెట్టుకుంటారా? నచ్చని టీమ్‌లో మనవాళ్ళు నోరు మూసుకుని ఏళ్ళు గడపడం చూసి అక్కడివాళ్ళు ఇండియన్స్ సాఫ్ట్ అంటారు, సాఫ్ట్ కాదు బాబూ, కట్టేసి ఉన్నారు.

చేతిలో ఆఫర్ ఉండి చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఫుడ్డు, క్యాంపస్ గురించి వాకబు చేయడం మానేసి హైరింగ్ మేనేజర్‌తో ఒక అరగంట కాల్ అడగండి, ఆఫర్ వచ్చాక అడిగితే సాధారణంగా కాదనరు. ఆన్-కాల్ వారంలో ఎన్నిసార్లు మోగుద్ది, ఈ పనికి ఓనర్లు ఇక్కడున్నారా అక్కడున్నారా, మీరు ఈ టీమ్‌కి వచ్చి ఎంత కాలమైంది అని అడగండి. ఆఖర్న, ఈ టీమ్‌లో ఈమధ్య ప్రమోషన్ వచ్చిన మనిషి ఎవరు, ఏ పనికి వచ్చింది అని అడగండి. పేరు, పని గడగడా చెప్పేస్తే సంతకం పెట్టొచ్చు. "మా దగ్గర గ్రోత్‌కి చాలా స్కోప్ ఉంది" అని మొదలుపెడితే ఇంకో టీమ్ చూపించమని రిక్రూటర్‌ని అడగండి, అదే కంపెనీలో, అదే జీతానికి, పక్క ఫ్లోర్‌లో.